రెండు రూపాయల పెట్టె, వంటింటి పెద్ద పెట్టె, మైనపు పుల్లలు: మూడు అగ్గిపెట్టెలు వాడి చూశాక

శ్రావణమాసంలో కాకినాడ గాలి ఎంత తేమగా ఉంటుందో ఇక్కడ కాపురమున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు గడ్డ కడుతుంది, అప్పడాలు డబ్బాలోనే మెత్తబడతాయి, అగ్గిపుల్లలు మొరాయిస్తాయి. ఈ ఏడాది రెండో శుక్రవారం దీపారాధన వేళ వరసగా నాలుగు పుల్లలు గీసినా వెలగలేదు. ఐదోది గట్టిగా గీసేసరికి వెలిగింది కానీ, దాని తల చిట్లి ఒక ముక్క ఎగిరి నా చీర కుచ్చిళ్ల మీద పడింది. చేత్తో దులిపేలోపే పెసరగింజంత చిల్లు పడింది. నూలుచీర గనుక చిల్లుతో పోయింది, సిల్కులాంటి సింథటిక్ చీరైతే కరిగి ఒంటికి అంటుకునేది. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, ప్రయోగశాలలో ప్రతి సీసా మీది చీటీ చదవనిదే మూత తియ్యనివ్వని దాన్ని, ఇంట్లో మాత్రం కిరాణా కొట్టువాళ్లు ఏ అగ్గిపెట్టె ఇస్తే అది తెచ్చుకుని ఎన్నడూ దాన్ని పరీక్షగా చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. అందుకే మరునాడే మూడు రకాల అగ్గిపెట్టెలు కొన్నాను, మూడు వారాలపాటు వాటినే వాడాను. నాకు తేలిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను. నా చీరకు చిల్లు పెట్టిన పెట్టె కూడా ఈ మూడింటిలో ఒకటి. పెట్టెల పేర్లు రాయడం లేదు. ఒకే పేరుతో వచ్చిన పెట్టెల్లో కూడా ఒక కట్టకూ మరో కట్టకూ తేడా కనిపించింది కనుక, పేరును బట్టి కాక లక్షణాలను బట్టి ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

అగ్గిపెట్టెను దేన్నిబట్టి మంచిదనాలి? చాలామంది వెంటనే వెలగడమే మంచితనమనుకుంటారు. నేను అలా అనుకోను. అగ్గిపెట్టె అంటే ఒకదాన్నొకటి తాకకూడని రెండు పదార్థాలను ఒకే చిన్న అట్టపెట్టెలో పెట్టి, మనం కోరినప్పుడు, కోరినంత మేరకే వాటిని కలిపే సాధనం. పుల్ల తల మీద ఉండే మందులో ముఖ్యమైనది పొటాషియం క్లోరేటు, దానితోపాటు కొంత గంధకం, గాజుపొడి, రంగు, వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు ఉంటాయి. పెట్టె పక్కనున్న గరుకు పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరం, గాజుపొడి, జిగురు. ఈ రెంటి మధ్య ఎడం ఎంత బాగా కాపాడితే ఆ పెట్టె అంత మంచిది. వెలగడం ఆ తరవాతి మాట.

క్లోరేటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. పొటాషియం క్లోరేటు చూడటానికి అమాయకమైన తెల్లని స్ఫటికం, పటికబెల్లం నలగగొట్టినట్టు మెరుస్తుంది. తనంతట తాను మండదు. అయితే ప్రతి అణువులోనూ మూడు ఆక్సిజన్ పరమాణువులను మోస్తూ ఉంటుంది, బాగా వేడి తగిలితే వాటిని వదిలేసి పొటాషియం క్లోరైడుగా మారిపోతుంది. వంద గ్రాముల క్లోరేటు నుంచి సుమారు 39 గ్రాముల ఆక్సిజన్ వస్తుంది. ఇలా తాను మండకుండా పక్కదాన్ని మండించే పదార్థాన్నే ఆక్సీకరణి అంటారు. దానికి బయటి గాలితో పనిలేదు, కాబట్టి క్లోరేటు కలిసిన మంట మీద దుప్పటి కప్పి ఆర్పుదామంటే ఆరదు. ఆర్పాలంటే నీళ్లు కుమ్మరించి చల్లబరచాలి.

పాత పాఠ్యపుస్తకాలు చదువుకున్నవాళ్లకు ఆక్సిజన్ తయారీ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. క్లోరేటుకు మాంగనీస్ డయాక్సైడ్ అనే నల్లపొడిని ఉత్ప్రేరకంగా కలిపి గట్టి గాజునాళికలో వేడిచేస్తే, తక్కువ వేడికే ఆక్సిజన్ బుడగలు బుడగలుగా వచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక ఉదయం ఆ ప్రయోగానికి అన్నీ సర్ది పెట్టారు. నల్లపొడి సీసా మీది చీటీ సగం చెరిగిపోయి ఉంది. ఎందుకో మనసొప్పక, ఆ పొడిని మాత్రమే చిటికెడు తీసి ఇనుప గరిటెలో వేసి మంట మీద పెట్టాను. మాంగనీస్ డయాక్సైడ్ అయితే రాజుకోకుండా ఊరికే నల్లగా పడి ఉండాలి. అది మాత్రం అంచుల నుంచి ఎర్రగా రాజుకుని, కణకణలాడి, తెల్లటి బూడిదైంది. అది బొగ్గుపొడి. దాన్ని క్లోరేటుతో కలిపి ముప్పైమంది పిల్లల ముందు వేడిచేసి ఉంటే గాజునాళిక పగిలి ఎవరి కళ్లలో పడేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. క్లోరేటు ప్రమాదమంతా ఇలాగే ఉంటుంది: దానిలో కాదు, దాని పక్కన ఏముందన్న దానిలో ఉంటుంది. బొగ్గు, గంధకం, చక్కెర, రంపపుపొట్టు, నూనె అంటిన గుడ్డ, ఏదైనా సరే దాని పక్కన చేరితే ఇంధనమే. వీటన్నిటిలో ఎర్ర భాస్వరంతో దాని పొత్తు మరీ ప్రమాదకరం, ఎందుకంటే దానికి మంట కూడా అక్కర్లేదు, ఒరిపిడి చాలు.

ఈ సంగతి మనుషులు ప్రాణాలు పోగొట్టుకునే నేర్చుకున్నారు. ఫ్రాన్సులో బెర్తొలే అనే రసాయనశాస్త్రవేత్త ఈ లవణాన్ని 1780ల చివర్లో తయారుచేశాడు. తుపాకిమందులో సురేకారానికి బదులు దీన్ని వాడి చూద్దామని 1788 అక్టోబరులో ఎస్సోన్‌లో ప్రయత్నించినప్పుడు పేలుడు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ ప్రయోగం చూడటానికి వెళ్లిన మరో రసాయనశాస్త్రవేత్త లవోయిజే, ఆయన భార్య, బెర్తొలే కొద్దిలో బయటపడ్డారు. ఇంగ్లండులో మందుల కొట్టు నడిపే జాన్ వాకర్ 1827లో అమ్మిన తొలి గీటు పుల్లల్లోనూ ఈ క్లోరేటే ఉంది. తరవాత వచ్చిన తెల్ల భాస్వరం పుల్లలు ఎక్కడ గీసినా వెలిగేవి కానీ, వాటిని తయారుచేసే కార్మికులకు దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు పట్టుకునేది. మందును రెండుగా విడదీసి, భాస్వరాన్ని పుల్ల మీద కాక పెట్టె మీద పెట్టాలన్న ఆలోచనకు 1844లో స్వీడనులో గుస్తావ్ పాష్ పేటెంటు పొందాడు. దాన్ని అందరికీ అందే సరుకుగా మార్చినవాళ్లు యోన్‌షోపింగ్ ఊరి లండ్‌స్ట్రోమ్ సోదరులు. మన వైపు చూస్తే, శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు 1922లో కలకత్తా వెళ్లి ఈ విద్య నేర్చుకుని వచ్చి మరుసటి ఏడాది పని మొదలుపెట్టారు. మన కిరాణా కొట్లలో దొరికే పెట్టెల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల నుంచే వస్తాయి.

చట్టం కూడా దీన్ని ప్రత్యేకంగానే చూసింది. గంధకమూ క్లోరేటూ కలిసిన పేలుడు మిశ్రమాలను తయారుచేయడం, దగ్గర ఉంచుకోవడం మన దేశంలో 1992 నుంచి నిషిద్ధం. దీపావళి బాణసంచాలో క్లోరేటు ఉండకూడదనేది అందుకే. ఆ నిషేధంలో అగ్గిపుల్ల తలకు మినహాయింపు ఇచ్చారు. అంటే పెద్ద మొత్తంలో ఎవరూ ముట్టుకోకూడని ఒక మిశ్రమం, ఆవగింజకు కాస్త పెద్దదైన గుండుగా, మన పూజగదిలో పళ్లెం పక్కనే పడి ఉంటోంది. ఆ మినహాయింపు తగినదేనని నేను నమ్ముతాను, కానీ అది పెట్టె తయారుచేసేవాడి శ్రద్ధ మీద ఉంచిన నమ్మకం. పెట్టె నాసిగా ఉంటే ఆ నమ్మకం వమ్మైనట్టే.

ఇక కొన్న పెట్టెల సంగతి. మా వీధి చివరి కొట్టాయన మూడు రకాలూ బల్ల మీద పెట్టి, “అమ్మగారూ, ఇదివరకు అందరూ లైటర్లే అడిగేవారండీ. ఇరవై రూపాయల లోపువి బయటి దేశాల నుంచి రానివ్వడం మానేశాక మళ్లీ వీటికే గిరాకీ వచ్చిందండీ” అన్నాడు. 2023 జూన్‌లో వచ్చిన దిగుమతి నిషేధం గురించి ఆయన చెప్పినది నిజమే. చిన్న పెట్టె ధర 2021 డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలైంది. అంతకుముందు పద్నాలుగేళ్లుగా రూపాయే ఉండేది.

మొదటిది ఈ రెండు రూపాయల చిన్న పెట్టె, చెక్కపుల్లలది. నా చీరకు చిల్లు పెట్టింది ఇదే. దీన్ని మొదట విప్పి చూసే ముందు ఒక తెల్లకాగితం పరిచి, సొరుగు లాగి, పుల్లలు పక్కన పెట్టి, సొరుగును కాగితం మీద మెల్లగా తట్టాను. చిటికెడు పొడి రాలింది. భూతద్దం పెట్టి చూస్తే అందులో పుల్లల తలల నుంచి రాలిన రంగు రేణువులే కాక, పక్క పట్టీ నుంచి ఊడిన ముదురు గోధుమరంగు రేణువులు కూడా ఉన్నాయి. పెట్టె అట్ట పలచన, సొరుగు వదులు. పట్టీ మందు అంచు దాటి మడత లోపలికి పాకి ఉంది. సొరుగు తీసి మూసిన ప్రతిసారీ ఆ అంచు ఒరుసుకుని లోపలికి రాలుతోంది. వేరుగా ఉండవలసిన రెండూ సొరుగు మూలలో కలుసుకున్నాయన్నమాట. ఆ కొద్దిపాటి పొడితో ఇల్లేమీ తగలబడదు, ఆ మాట నిజమే. కానీ పెట్టె మొత్తం ఒక్కసారి భుగ్గుమన్న సంగతులు ఊళ్లో ఒకటో రెండో ఎవరైనా వినే ఉంటారు. అది ఎలా మొదలవుతుందో ఆ తెల్లకాగితం మీద కనిపించింది. ఆ పొడిని గీకకుండా, ఊదకుండా, కాగితంతో సహా నీళ్లలో ముంచేశాను.

పుల్లల తలలూ సమంగా లేవు. కొన్నిటికి మందు ఒకవైపు బానలా ఉబ్బి ఉంది, కొన్నిటికి సన్నని పగుళ్లు ఉన్నాయి, రెండు పుల్లలు తల దగ్గర ఒకదానికొకటి అంటుకుపోయాయి. పగులున్న తలే గీసినప్పుడు చిట్లుతుంది, ఎందుకంటే లోపల పుట్టిన వాయువు ఆ పగులు నుంచి ఒక్కసారిగా తన్నుకొస్తుంది. ఇరవై పుల్లలు గీస్తే మూడింటికి తల ముక్క రాలింది, ఐదు మొదటి గీటుకు వెలగలేదు. వానాకాలంలో ఇలా కావడానికి క్లోరేటును నిందించకూడదు. పొటాషియం క్లోరేటు గాలిలోని తేమను పెద్దగా పీల్చుకోదు. పీల్చుకునేది దాని అన్న సోడియం క్లోరేటు, అందుకే చవకైనా దాన్ని అగ్గిపుల్లకు వాడరు. అది ఎక్కువగా కాగితపు గుజ్జును తెల్లబరిచే క్లోరిన్ డయాక్సైడ్ తయారీకి పోతుంది. ఇక్కడ తేమకు లొంగిపోతున్నది జిగురు. జిగురు మెత్తబడితే తల గీటుకు నిలవక పట్టీకి పూసుకుపోతుంది, పట్టీ నున్నబడుతుంది. అప్పుడు మనం మరింత గట్టిగా గీస్తాం, అక్కడే చెయ్యి కాలుతుంది.

రెండోది వంటింటి పెద్ద పెట్టె. ధర ఎక్కువే, కానీ చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది. అట్ట మందం, సొరుగు బిగుతు, పట్టీ అంచులకు రెండువైపులా సన్నని ఖాళీ గీత వదిలి మధ్యలోనే పూసి ఉంది. తెల్లకాగితం మీద తడితే చెక్క నలుసులు రెండు తప్ప ఏమీ రాలలేదు. ఇరవైకి ఇరవై పుల్లలూ మొదటి గీటుకే వెలిగాయి, ఒక్కటీ చిట్లలేదు. ఇంత నిలకడగా వెలగడం వల్ల పుల్ల మీద జరిగేదంతా మా మనవరాలికి ఒక్కొక్కటిగా వివరించగలిగాను. మొదట పట్టీ మీది ఎర్ర భాస్వరం ఒరిపిడి వేడికి రవ్వంత ఆవిరై, తలలోని క్లోరేటు తగలగానే అంటుకుంటుంది, సన్నని తెల్లపొగ దానిదే. ఆ వేడికి క్లోరేటు ఆక్సిజన్ వదులుతుంది, గంధకం భగ్గుమంటుంది, ముక్కుకు ఘాటుగా తగిలేది గంధకపు డయాక్సైడ్. అది అయిపోయే లోపల పుల్లకు పట్టించిన పారాఫిన్ మైనం కరిగి మంటను అందుకుంటుంది, చివరికి చెక్క మండుతుంది. ఇదంతా కళ్లు రెండుసార్లు ఆర్పేలోపే అయిపోతుంది.

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చినది వెలగడం కాదు, ఆరడం. ఊదగానే నిప్పు కూడా పోయింది, నల్లటి పుల్ల మిగిలింది, ఎర్రటి కొస లేదు. మంచి తయారీదారులు చెక్కను ముందే అమ్మోనియం ఫాస్ఫేటులాంటి లవణం కలిపిన నీటిలో నానబెడతారు, ఆరిన తరవాత కొస రాజుకోకుండా ఉండేది దాని వల్లనే. మొదటి పెట్టె పుల్ల ఊదాక చాలాసేపు ఎర్రగానే ఉండి, చెత్తబుట్టలో పడేస్తే అరటితొక్క పక్కనున్న కాగితం నుంచి పొగ తెప్పించింది. వంటగ్యాసు ఉన్న గదిలో ఆరని కొస ఎంత చేటో చెప్పనవసరం లేదు. పెద్ద పెట్టెలో లోపమంటూ చెప్పాలంటే ఒకటి ఉంది: గరుకు పట్టీ ఒక్క పక్కనే ఉంది, పుల్లలు ఇంకా పావువంతు మిగిలి ఉండగానే అది అరిగిపోయింది. పుల్లలకు తగినంత పట్టీ ఇవ్వని పెట్టె మనల్ని పాత పెట్టెల పట్టీ మీద గీసుకునేలా చేస్తుంది. పట్టీ కాని చోట, గోడకూ సానరాయికీ గీసి చూస్తే ఈ పుల్లలు వెలగలేదు, వెలగకూడదు కూడా.

మూడోది మైనపు పుల్లల పెట్టె. చిన్నది, జేబులో ఇమిడిపోతుంది. పుల్ల చెక్క కాదు, మైనంలో ముంచిన సన్నని వత్తి. తేమ విషయంలో మూడింటిలో ఇదే గట్టిది: రాత్రంతా కిటికీ గట్టు మీద వదిలినా పొద్దున్నే వెలిగింది. గాలికి కూడా తట్టుకుంటుంది. అయినా దీన్ని పూజగదికీ పిల్లలున్న ఇంటికీ నేను సిఫారసు చేయను. గీసేటప్పుడు పుల్ల వంగుతుంది, వంగుతుందని వేలిని తల దగ్గరకు జరుపుతాం, వెలిగే క్షణంలో వేలు మందు పక్కనే ఉంటుంది. మండుతున్న మైనపు చుక్క రాలితే చర్మానికి అంటుకుని దులిపితే పోదు. అగరొత్తి వెలిగించేంత సేపు పట్టుకోవడమే కష్టమైంది. కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి కోసం, తుపాను రోజుల కోసం ఒక పెట్టె డబ్బాలో దాచుకుంటే చాలు.

పిల్లల గురించి ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పుల్లల తలలు గీకి మందు పోగుచేయడం, దాన్ని దేనిలోనో కూరి కొట్టడం మా చిన్నప్పుడు పండగలకు మగపిల్లల ఆటగా చలామణీ అయింది. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. పుల్ల మీద విడివిడిగా ఉన్నంతకాలమే అది అగ్గిపుల్ల, పోగుచేసిన క్షణం నుంచి అది పేలుడు మిశ్రమమే. చంటిపిల్లలు పుల్లల తలలు చప్పరించడం మరో సంగతి. ఒకటి రెండు తలల్లో ఉండే క్లోరేటు చాలా కొంచెమే, కానీ క్లోరేటు ఎక్కువగా ఒంట్లోకి వెళితే రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుతుంది, ఎర్రకణాలు చితికిపోతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెదవులు నీలిరంగుకు తిరిగితే ఇంటి చిట్కాలు చూసుకుంటూ కూర్చోకుండా, పెట్టెను కూడా వెంటబెట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి.

కొనేటప్పుడు కొట్టు దగ్గరే చూసుకోదగినవి ఎన్నో లేవు. సొరుగు బిగుతుగా కదులుతోందా, పట్టీ మందు అంచులు దాటి మడతలోకి పాకలేదు కదా, చెవి దగ్గర పెట్టి ఆడిస్తే పుల్లల చప్పుడుతోపాటు ఇసుక జారినట్టు సన్నని చప్పుడు వినిపిస్తోందా అని చూస్తే చాలు. ఆ ఇసుక చప్పుడు వినిపిస్తే పెట్టె వెనక్కి ఇచ్చేయాలి. ఇంటికి తెచ్చాక పొయ్యి గట్టు మీద, కర్పూరం డబ్బా పక్కన, నూనె సీసా పక్కన పెట్టకూడదు. నేను మూత బిగుతుగా ఉన్న ఒక స్టీలు డబ్బాలో, గూటిలో పైఅరన పెడుతున్నాను. గీసే ముందు సొరుగు మూయడం, ఒంటికి దూరంగా గీయడం అలవాటు చేసుకోవాలి. తెరిచిన సొరుగు మీదుగా గీసినవాళ్లకే పెట్టె మొత్తం అంటుకుంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో వాడుకకు పెద్ద పెట్టె నిలిచింది, మైనపు పుల్లలు తుపాను డబ్బాలో చేరాయి. రెండు రూపాయల పెట్టెల్లోనూ మంచివి ఉంటాయి, తరవాత మరో రకం కొని తెల్లకాగితం మీద తట్టి చూస్తే ఏమీ రాలలేదు. నా దగ్గర మిగిలిన నాసిరకం పుల్లలను చెత్తలో అలాగే పారేయడానికి మనసు రాలేదు, చెత్తబండిలో నొక్కుడుకు అవి ఏమవుతాయో నాకు తెలుసు. పెట్టెతో సహా బకెట్టు నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకు జిగురు కరిగి, తలలు జారిపోయి, అడుగున ఎర్రటి మడ్డి తేలిక పొరలా పేరుకుంది, పుల్లలు తెల్లగా పళ్లు కుట్టుకునే పుల్లల్లా పైకి తేలాయి. వాటిని తడితడిగానే కాగితంలో చుట్టి చెత్తబండి అతనికి అందించాను.